నేలపాడులో ఆమె చెప్పిన మాట

టీవీ కోర్టు డ్రామాల్లో, ఆడపిల్లను ప్రేమించిన ఆడపిల్ల ఏం మాట్లాడుతుంది? ఏది న్యాయం, ఏది అన్యాయం అన్న విషయంలో ఆమెకంటూ ఓ అభిప్రాయం ఉంటుందని రాసేవాళ్లు గుర్తించారా? మన హైకోర్టుకు వచ్చిన ఓ విజయవాడ కేసును ఎదురుగా పెట్టుకుని చూద్దాం.

కృష్ణ అవతలి ఒడ్డున, అమరావతి నేలపాడులో ఉంది మన హైకోర్టు. 2024 డిసెంబర్ 17, మంగళవారం నాడు అక్కడ జస్టిస్ ఆర్. రఘునందన్‌రావు, జస్టిస్ కె. మహేశ్వరరావుల డివిజన్ బెంచ్, నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే ఓ హెబియస్ కార్పస్ పిటిషన్ మీద ఉత్తర్వులిచ్చింది. పిటిషన్ వేసింది ఓ యువతి. ఏడాదిగా విజయవాడలో తనతో కలిసి ఉంటున్న మరో యువతిని కన్నతండ్రే వచ్చి బలవంతంగా బండెక్కించుకుపోయాడని, అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలోని ఇంట్లో నిర్బంధించాడని ఆమె ఫిర్యాదు.

అలా జరగడం అదే మొదటిసారి కాదు. అంతకుముందు కూడా అమ్మాయి కనిపించకపోతే ఈమే పోలీసులకు చెప్పింది. తండ్రి ఇంట్లో ఉందని వాళ్లు ఆచూకీ తీశారు, బయటికి తెచ్చారు. తెచ్చి, నేను మేజర్ని, నా మనిషి దగ్గరికి నేను వెళ్తానని ఆమె మొత్తుకుంటున్నా పదిహేను రోజులు వెల్ఫేర్ హోమ్‌లో ఉంచారు. సెప్టెంబరులో ఆమె తన తండ్రి మీద వేధింపుల ఫిర్యాదు ఇచ్చింది. విజయవాడ తిరిగొచ్చి మళ్లీ పనిలోకి వెళ్లడం మొదలుపెట్టింది. తండ్రి మళ్లీ వచ్చాడు. మా పిల్లను ఆ అమ్మాయీ వాళ్లింటివాళ్లూ కలిసి ఎత్తుకుపోయారని అటు నుంచి మరో ఫిర్యాదు పడింది.

బెంచ్ ఆదేశాల మీద పోలీసులు ఆమెను కోర్టులో హాజరుపరిచారు. ఆమె మేజర్, ఎవరితో బతకాలో నిర్ణయించుకునే హక్కు ఆమెది, తల్లిదండ్రులు అడ్డు రాకూడదని న్యాయమూర్తులు తేల్చిచెప్పారు. వార్తల్లో పెద్దక్షరాలు దక్కింది ఈ మాటకే. నన్ను కదిలించింది మాత్రం అదే వార్తలో కిందెక్కడో ఉన్న రెండు వాక్యాలు. తనను భాగస్వామితో ఉండనిస్తే అమ్మానాన్నల మీద, బంధువుల మీద పెట్టిన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటానని ఆమె కోర్టుకు తెలిపింది. అందుకని కుటుంబం మీద క్రిమినల్ చర్యలేవీ వద్దని బెంచ్ చెప్పింది.

ఆ మాటను నెమ్మదిగా చదవండి. నిర్బంధంలో గడిపి వచ్చిన పిల్ల అది. హోమ్‌లో పదిహేను రోజులు ఉండి వచ్చింది. చట్టం తన పక్షాన ఉందని తెలిసిన క్షణంలో, తనను బంధించినవాళ్ల గురించి ఆమె ఆలోచించింది. కన్నవాళ్లు పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగకూడదు. అలాగని తను వాళ్లింటికి వెళ్లదు, ప్రేమించిన మనిషిని వదలదు. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో ఆమెకు స్పష్టంగా తెలుసు. నీతి అంటే ఇదే కదా! మన తెర మీద ఏ రచయితా ఇలాంటి ఆడపిల్ల నోట ఇలాంటి మాట ఇంతవరకు పలికించలేదు.

ఇంట్లో నడిచే విచారణ

మన బుల్లితెర మీద ఆడమనిషి శీలం మీద విచారణ ఏనాడూ ఆగలేదు. స్టార్ మాలో 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచిన ‘కార్తీక దీపం’ అంతా ఒక్క అనుమానం మీదే నడిచింది. భార్య తప్పు చేసిందని డాక్టర్ బాబు నమ్మాడు. చెయ్యలేదని వంటలక్క ఏళ్ల తరబడి కన్నీళ్లతో నిరూపించుకుంటూ వచ్చింది. కృష్ణా జిల్లా పల్లెల్లో రాత్రి భోజనాలు ఆ సీరియల్ అయ్యాకే వడ్డించుకున్న ఇళ్లు ఎన్నో. జడ్జీ లేడు, బోనూ లేదు. అయినా అది కోర్టు డ్రామానే. అభియోగం ఆమె మీద, రుజువు చేసుకోవాల్సిన భారమూ ఆమెదే.

ఇక అచ్చంగా తీర్పులు చెప్పే కార్యక్రమాలూ వచ్చాయి. జీ తెలుగులో ‘బతుకు జట్కా బండి’, జెమినీలో ‘రచ్చబండ’. ఎదురెదురు కుర్చీల్లో భార్యాభర్తలు, తల్లీబిడ్డలు. నడుమ పేరున్న నటి. వాటికి చట్టంలో ఏ అధికారమూ లేదు. ఉన్నదల్లా ప్రేక్షకుల ఎదుట నలుగురి మాట చెప్పే పెద్దరికం. అలాంటి వేదిక మీద చివరికి గెలిచేది ఇల్లు నిలబడాలన్న సూత్రమే. ఇంటికి దూరంగా, మరో ఆడమనిషితో బతుకుతానన్న అమ్మాయిని ఆ కుర్చీలో కూర్చోబెడితే ఆమె ఏం మాట్లాడుతుందన్న దాని కన్నా ఆమెను ఎలా దారికి తేవాలన్నదే అందరి చర్చా అవుతుంది. రోజువారీ సీరియళ్లలో అలాంటి అమ్మాయి కథానాయికగా అసలు కనిపించదు.

మనకు కోర్టు సీను కొత్త కాదు. డి. కామేశ్వరి ‘కొత్త మలుపు’ నవల ఆధారంగా 1981లో వచ్చిన ‘న్యాయం కావాలి’లో మోసపోయిన రాధిక ఆ మగవాణ్ణి కోర్టుకీడ్చింది. న్యాయవాది పాత్రలో శారద ఆమె తరఫున నిలబడింది. మోసపోయిన ఆడదాని నోరు మూయించే రోజుల్లో, ఆమె నోటితోనే ఏది అన్యాయమో చెప్పించిన సినిమా అది. 2021లో ‘వకీల్ సాబ్’ వచ్చింది. అమ్మాయి వద్దంటే వద్దనే అర్థమని మాస్ హాళ్లలో ఈలల మధ్య చెప్పింది. ఆ రెండింటినీ ఆదరించిన ప్రేక్షకులు ఇంకొక అడుగు వెయ్యలేరని నేను అనుకోను.

2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’ను ఇక్కడ ప్రత్యేకంగా తలచుకోవాలి. దర్శకుడు రామ్ జగదీశ్. ఇందులో మంగపతి పాత్రలో శివాజీని చూసి హాలంతా పళ్లు కొరికింది. ఇంటి పరువు కోసం ఆ పెద్దమనిషి పోక్సో చట్టాన్ని ఆయుధంగా మార్చుకుని ఓ కుర్రాడి బతుకును జైలుపాలు చేస్తాడు. చట్టం బిడ్డల్ని కాపాడటానికి ఉంది, ఇంటి పెద్దల పంతం నెగ్గించడానికి కాదని ఆ సినిమా కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. నర్సీపట్నం తండ్రి ఇచ్చిన అపహరణ ఫిర్యాదును దీని పక్కన పెట్టి చూడండి. ఇద్దరు ఆడపిల్లలు కలిసి బతకడం మన దేశంలో నేరం కాదు. అందుకే ఇలాంటి కేసుల్లో పెద్దవాళ్లు మరో సెక్షన్ వెతుకుతారు. కిడ్నాప్ అంటారు, దొంగతనం అంటారు, పిల్లకు మతి సరిగ్గా లేదంటారు. ‘కోర్ట్’ రాసిన చేతికి ఈ కథ రాయడం ఎంతసేపు?

సెరీనా సూదర్లిన్ చివరి నిమిషం

టీవీ కోర్టు డ్రామాకు పుట్టిల్లు అమెరికా. లెస్బియన్ పాత్రల్ని ఆ డ్రామాల్లోకి తెచ్చిందీ వాళ్లే, ఆ పాత్రల్ని ఎలా రాయకూడదో చూపించిందీ వాళ్లే.

1991 ఫిబ్రవరి 7న ఎన్‌బీసీలో ‘ఎల్.ఏ. లా’ ఎపిసోడ్‌లో సి.జె. లాంబ్, అబీ పెర్కిన్స్ అనే ఇద్దరు మహిళా లాయర్లు ముద్దు పెట్టుకున్నారు. అమెరికా ప్రధాన చానళ్లలో అంతకుముందు అలాంటి దృశ్యం ఎరగరు. కొందరు ప్రకటనదారులు తప్పుకున్నారు. ఫిబ్రవరి అక్కడ రేటింగులు లెక్కగట్టే నెల. ఆ తర్వాత చాలా సీరియళ్లు అదే బాట పట్టాయి. రేటింగుల నెల రాగానే ఇద్దరాడవాళ్ల ముద్దు, నెల దాటగానే ఆ ప్రేమ మాయం. ‘ఎల్.ఏ. లా’లోనూ అబీ పాత్ర ఆ సీజన్‌తోనే వెళ్లిపోయింది. ముద్దు మిగిలింది, ఆ మనుషులు మిగల్లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ‘లా అండ్ ఆర్డర్’. 1990లో మొదలై ఇరవై ఏళ్లు నడిచి, 2022లో మళ్లీ వచ్చిన సీరియల్ అది. అందులో సెరీనా సూదర్లిన్ అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీ. ఎలిజబెత్ రోమ్ 2001 నుంచి ఆ పాత్ర వేసింది. పై అధికారి జాక్ మెకాయ్ కేసు గెలవడానికి ఎంత దూరమైనా వెళ్లే మనిషి. ముద్దాయి తరఫున ఎవరో ఒకరు ఆలోచించాలి కదా అని ఆఫీసులో గొంతెత్తేది సెరీనా. పేదవాడి పక్షాన, అనుమానపు లాభం పక్షాన ఆమె వాదన. నాలుగో ఏడు వచ్చేసరికి ప్రేక్షకులకు ఆమె తప్పొప్పుల తూనిక బాగా తెలిసిపోయింది. ఆమె ఎవరిని ప్రేమిస్తుందో మాత్రం ఒక్క సూచనైనా లేదు.

2005 జనవరి 12 నాటి ఎపిసోడ్ ఆఖరి నిమిషం. వాళ్లందరికీ బాస్ అయిన ఆర్థర్ బ్రాంచ్ ఆమెను తన గదికి పిలుస్తాడు. అమెరికా సెనేటర్‌గా చేసి వచ్చిన ఫ్రెడ్ థాంప్సన్ ఆ పాత్రధారి. నీకు ముద్దాయిల మీద జాలి ఎక్కువ, ప్రాసిక్యూటర్ పని నీకు సరిపడదు, ఎవరి పక్షానైనా పోరాడే లాయరుగా రాణిస్తావని చెప్పి ఉద్యోగం తీసేస్తాడు. ఆమె కాసేపు ఆగి, నేను లెస్బియన్‌ని కాబట్టా అని అడుగుతుంది. కాదు, కానే కాదంటాడు. మంచిదంటుంది. అంతే. తెర నల్లబడింది, సెరీనా మళ్లీ రాలేదు. ప్రేక్షకులు విస్తుపోయారు.

అంతకు కొద్ది వారాల ముందే, 2004 నవంబర్‌లో, అదే సీరియల్‌లో స్వలింగ వివాహం మీద ఓ ఎపిసోడ్ నడిచింది. భర్తకు వ్యతిరేకంగా భర్త సాక్ష్యం చెప్పాల్సిన పరిస్థితి. దంపతులు ఒకరి మీద ఒకరు సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న రక్షణ వాళ్లకు దక్కకుండా చెయ్యాలంటే, అసలు ఆ పెళ్లే చెల్లదని మెకాయ్ వాదించాలి. అదే ఆఫీసులో, అదే బల్ల దగ్గర సెరీనా ఉంది. తన పై అధికారి తనలాంటివాళ్ల పెళ్లిని కొట్టేయడానికి వాదన తయారు చేస్తుంటే ఆమె లోపల ఏం జరిగి ఉంటుంది? ఆ కుర్చీలోంచి ఆమె చెప్పగలిగిన మాట సీరియల్‌లో మరెవరూ చెప్పలేరు. ఆ అవకాశాన్ని రచయితలు చేతులారా జారవిడిచారు. ఆమె నీతిని ఆమె ప్రేమకు తెలియనివ్వలేదు, ఆమె ప్రేమను ఆమె నీతికి తెలియనివ్వలేదు. రెండూ ఒక్క వాక్యంలో కలిసిన క్షణాన పాత్రనే బయటికి పంపేశారు.

నా దృష్టిలో ఈ జాతి కథలన్నింటికీ పట్టిన జబ్బు ఇదే. మంచి చెడ్డలు తెలిసిన మనిషిగా చూపిస్తే ఆమె ప్రేమ దాచేస్తారు. ప్రేమ చూపిస్తే ఆమెను ఒట్టి శరీరంగానో, కుట్రదారుగానో, జాలిపడాల్సిన బాధితురాలుగానో కుదించేస్తారు.

2017లో ‘ద గుడ్ ఫైట్’ దీన్ని కొంత సరిచేసింది. మాయా రిండెల్ కొత్తగా లాయరైన అమ్మాయి. రోజ్ లెస్లీ నటించింది. ఆమె భాగస్వామి ఎయిమీ ప్రాసిక్యూటర్. వాళ్లిద్దరూ కలిసి ఉండటం కథలో ఎవరికీ సమస్య కాదు. సమస్య మాయా తండ్రి. ఎందరి సొమ్మునో ముంచిన భారీ ఆర్థిక మోసంలో అరెస్టయ్యాడు. నాన్నను నమ్మాలా, చట్టానికి నిజం చెప్పాలా అన్నది ఆమె నలుగుబాటు. కన్నవాళ్ల విషయంలో బిడ్డకు ఉండే ధర్మసంకటం ఏ బిడ్డకైనా ఒకటేనని ఆ పాత్ర నిరూపించింది. నేలపాడులో నిలబడిన అమ్మాయికీ, షికాగో కథలోని మాయాకూ పోలిక నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఇద్దరి ముందూ ఒకవైపు తండ్రి ఉన్నాడు, మరోవైపు చట్టం ఉంది.

వయోలా డేవిస్‌కు 2015లో ఎమ్మీ తెచ్చిన ‘హౌ టు గెట్ అవే విత్ మర్డర్’లో అనలీస్ కీటింగ్, ఈవ్‌ల లా కాలేజీ నాటి ప్రేమ కూడా చెప్పుకోదగ్గదే. అక్కడ హత్యల జోరులో ప్రేమకు ఊపిరాడదు, అది వేరే సంగతి.

మన దగ్గర ఏమైంది

2018 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ ‘అ!’ తీశాడు. నాని నిర్మాత. స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ సుప్రీంకోర్టు సెక్షన్ 377 మీద తీర్పిచ్చింది ఆ ఏడాది సెప్టెంబర్ 6న. అంటే అంతకు దాదాపు ఏడు నెలల ముందే తెలుగు తెర మీద ఓ అమ్మాయి అమ్మానాన్నల్ని రెస్టారెంట్‌కు పిలిచి, నేను పెళ్లి చేసుకోబోయేది ఈమెనని పరిచయం చేసింది. ఈషా రెబ్బా, నిత్యా మీనన్ హుందాగా చేశారు. ఎగతాళి లేదు. ఆ అమ్మాయి తల్లిదండ్రులతో వాదిస్తుంది, ఆమె వాదనలో బలముంది. చివరికొచ్చేసరికి ఆ పాత్రలన్నీ కాజల్ పోషించిన ఒకే మనిషి మనసులోని ముక్కలని తేలుతుంది. కథకు అది గొప్ప మలుపే. ఆ ఇద్దరమ్మాయిలు మాత్రం బయట ప్రపంచంలో లేకుండా పోయారు. అయినా ఆ సినిమాకు నేను నమస్కరిస్తాను. దారి వేసింది అదే.

విజయవాడ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన రామ్‌గోపాల్ వర్మ ‘మా ఇష్టం’ తీశాడు. 2022 ఏప్రిల్‌లో రావాల్సిన ఆ సినిమాను వేయడానికి పీవీఆర్, ఐనాక్స్ ఒప్పుకోలేదని ఆయనే ప్రకటించాడు. హాళ్లు అలా తలుపులు మూయడం తప్పు. ఏ సినిమా చూడాలో ప్రేక్షకుడు తేల్చుకుంటాడు. అది వేరు, సినిమా వేరు. అందులో ఇద్దరాడవాళ్ల ప్రేమ ఉన్నది తుపాకులకూ పోస్టర్లకూ పనికొచ్చేందుకే. ఆ ఇద్దరూ ఏది సరైనదనుకుంటున్నారో కెమెరా ఒక్కసారీ అడగలేదు.

మలయాళంలో జియో బేబీ ‘కాదల్: ద కోర్’ (2023) తీసి కోర్టు డ్రామా ఎంత ఎత్తుకు ఎదగగలదో చూపించాడు. అది స్వలింగ ప్రియుడైన మగవాడి కథ. కానీ విడాకుల పిటిషన్ వేసింది భార్య, ఓమన. జ్యోతిక ఆ పాత్ర చేసింది. భర్తను అల్లరిపాలు చేయడానికి కాదు, ఇద్దరూ అబద్ధంలోంచి బయటపడాలని. మమ్ముట్టి అంతటి నటుడు అందులో నటించడమే కాదు, తానే నిర్మించాడు. హిందీలో 2022లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన ‘గిల్టీ మైండ్స్’లో సుగంధా గర్గ్ పోషించిన లాయర్ వందనకు అమ్మాయిలంటే ఇష్టం. అక్కడది పెద్ద వింతేమీ కాదు, కేసులే ముఖ్యం. అలా మామూలుగా ఉండనివ్వడం కూడా మంచి రచనే.

అసలైన కోర్టు డ్రామాను మనం మరోచోట చూశాం. 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 వరకు స్వలింగ వివాహాల కేసును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పది రోజులు విచారించింది. యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం. ఆ కేసు పేరులో ఉన్న సుప్రియో, ఆయన భాగస్వామి అభయ్ హైదరాబాద్ వాసులు. వాదించినవాళ్లలో మేనకా గురుస్వామి ఒకరు. హైదరాబాద్‌లో పుట్టిన సీనియర్ న్యాయవాది. ఆమె, సహ న్యాయవాది అరుంధతీ కట్జూ 377 కేసు గెలిచాక, 2019లో తామిద్దరూ జంట అని సీఎన్ఎన్‌లో బహిరంగంగా చెప్పారు. అలాంటి మనిషి నల్లకోటు వేసుకుని ఐదుగురు న్యాయమూర్తుల ముందు నిలబడి బ్యాంకు ఖాతాల గురించి, బీమా గురించి మాట్లాడింది. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ బీమా తన కుటుంబానికి తీసుకోవాలన్నా కుదరని స్థితి ఉందని చెప్పింది. నీతులు పక్కన పెట్టి ఆసుపత్రి కాగితాల మీద సంతకం ఎవరు పెడతారో చెప్పండన్న ధోరణి ఆమెది. సెరీనాకు దక్కని సీను అది. తన జీవితాన్ని, తన న్యాయదృష్టిని ఒకే గొంతుతో పలికిన లెస్బియన్ న్యాయవాదిని, ఏ రచయిత సాయమూ లేకుండా, దేశమంతా ఇంట్లో కూర్చుని చూసింది.

2023 అక్టోబర్ 17న ఆ కేసు ఓడిపోయింది. పెళ్లి హక్కు ఇవ్వలేమని కోర్టు చెప్పింది. రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. జాయింట్ బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేయడం ఒక్కటి చేతికందిన ఫలితం.

డెల్టా ఇంటి లెక్కలు

తెలుగులో ఎవరైనా ఈ కథ రాయాలనుకుంటే దానికి కావలసిందంతా కృష్ణా డెల్టాలోనే ఉంది.

గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ, తిరువూరు నుంచి ఆడపిల్లలు విజయవాడకు చదువుకోడానికి వస్తారు. ఆపై బందరు రోడ్డు షోరూముల్లోనో, ఆసుపత్రుల్లోనో, ప్రైవేటు ఆఫీసుల్లోనో ఉద్యోగాల్లో కుదురుకుంటారు. పటమటలో, మొగల్రాజపురంలో ఇద్దరమ్మాయిలు కలిసి గది తీసుకుంటే ఇంటివాళ్లకు అనుమానం రాదు. ఓ అబ్బాయి, అమ్మాయి అయితే గేటు దగ్గరే ఆపేవాళ్లు. ఆ ఇద్దరికీ దొరికే ఆ కొద్ది స్వేచ్ఛ, ఎవరూ వాళ్లను జంటగా చూడకపోవడం వల్ల దొరికింది. ఆ కారణంగానే ఒకరిని ఎత్తుకుపోతే రెండోవాళ్లను ఎవరూ లెక్కచెయ్యరు. నువ్వెవరమ్మా అడగడానికి అంటారు. స్టేషన్‌లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి. ఆ ఒక్క సీను చాలు, మంచి నటి ఉంటే ఎపిసోడంతా నిలబడుతుంది.

ఇరవై మూడు దాటితే సంబంధాలు మొదలు. డెల్టా ఇళ్లల్లో పెళ్లంటే ఇద్దరి మనసులు కలవడం ఒక్కటే కాదు. పసుపు కుంకుమ కింద రాసే ఎకరం, అరెకరం, బంగారం, కాలవ కింద పొలం ఎవరి పేరున ఉండాలన్న లెక్కలు అందులో ఉన్నాయి. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లో చట్టం తెచ్చాడు. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి తెచ్చాడు. కేంద్రం ఆ పని చేసింది 2005లో. వాటా ఉన్న కూతురు పెళ్లి చేసుకోనంటే, మరో ఆడమనిషితో ఉంటానంటే ఇంట్లో లేచే గొడవలో ప్రేమ ఎంత, పరువు ఎంత, పొలం ఎంత? ఆ పాళ్లు తెలిసిన రచయిత మన ప్రాంతంలో లేకపోతే ఎక్కడుంటాడు?

ఇల్లు వదిలిన స్త్రీకి తన నోటితో తన నీతి చెప్పుకునే అవకాశం తెలుగు సాహిత్యం దాదాపు వందేళ్ల కిందటే ఇచ్చింది. 1927 నాటి చలం ‘మైదానం’లో రాజేశ్వరి ప్లీడరు భార్య. కథంతా ఆమే చెప్పుకుంటుంది. ఆమెను ఒప్పుకోనివాళ్లు కూడా ఆమె వాదన విన్నారు. చలం 1950లో అరుణాచలం వెళ్లకముందు ఈ బెజవాడలోనే ఉన్నాడు. అంత వారసత్వం ఉన్న భాష, టీవీ దగ్గరికొచ్చేసరికి ఆడమనిషిని ఇంకా నిరపరాధినని ఏడిపిస్తూనే ఉంది.

న్యాయమూర్తి కూడా పాత్రే

ఈ కథల్లో మారేది అమ్మాయిలు కాదు, వాళ్లు ముందే తేల్చుకున్నారు. మారే అవకాశం ఉన్నది తల్లిదండ్రులకూ పోలీసులకూ న్యాయమూర్తులకూ. మద్రాస్ హైకోర్టులో 2021లో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ముందుకు, మదురై నుంచి చెన్నై పారిపోయి వచ్చిన ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. ఈ విషయం మీద తనకు సరైన అవగాహన లేదని ఆయన తీర్పులోనే రాశారు. మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ తర్వాత, ఇలాంటివాళ్లను ‘మార్చడానికి’ చేసే వైద్యాలను నిషేధించాలన్నారు. కుర్చీలో ఉన్న మనిషి అంత వినయంగా నేర్చుకోవడం చూపించే సీరియల్ ఏ భాషలో వస్తుందా అని ఎదురుచూస్తున్నాను. 2025 మేలో అదే హైకోర్టులో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్, జస్టిస్ వి. లక్ష్మీనారాయణన్‌ల బెంచ్ ఇంకో అమ్మాయిని నిర్బంధం నుంచి విడిపిస్తూ, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదంది.

కేరళలో 2022 మే 31న హైకోర్టు కలిపిన ఆదిలా, నూరా అనే ఇద్దరమ్మాయిలు తమ కథను తామే లోకానికి చెప్పుకున్నారు. 2025లో వాళ్లిద్దరూ మలయాళం బిగ్‌బాస్‌లోకి జంటగా వెళ్లారు. ఆ షో మీద నాకు పెద్ద గౌరవం లేదు. అయినా మలయాళీ ఇళ్లల్లో రోజూ రాత్రి వాళ్లు వంట గురించి, మాట తప్పడం గురించి, స్నేహధర్మం గురించి వాదిస్తూ కనిపించారు. మనిషి మామూలుగా కనిపించడానికి అది చాలు.

ఇక రాసేవాళ్లకు, తీసేవాళ్లకు ఓ మనవి. ఓటీటీ వచ్చాక వస్తువు కరువైందని వింటున్నాం. మన హైకోర్టు ఉత్తర్వు చదవండి. ముద్దు సీనుతో మొదలుపెట్టకండి, ఆత్మహత్యతో ముగించకండి. ఆ తండ్రిని రాక్షసుణ్ణి చేయకండి, ఆయన భయాలు కూడా నిజమైనవే. అమ్మాయిని దేవతనూ చేయకండి. ఆమెను కోర్టు హాల్లో నిలబెట్టి, మీకేం కావాలమ్మా అని అడిగించండి. తర్వాత ఆమెను మాట్లాడనివ్వండి.

పాఠకులకు ఒక సమాచారం. కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో 2024 మార్చి 11న సుప్రీంకోర్టు అన్ని కోర్టులకూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇలా నిర్బంధంలో ఉన్నవారి కోసం భాగస్వామి గానీ స్నేహితులు గానీ హెబియస్ కార్పస్ వేస్తే దాన్ని ముందు వరుసలో విచారించాలి. వాళ్లకూ నిర్బంధితులకూ ఉన్న సంబంధమేమిటో తవ్వి అడగకూడదు. నిర్బంధంలో ఉన్న మనిషిని బంధించినవాళ్లు లేనిచోట, న్యాయమూర్తి ఛాంబర్‌లో, విడిగా మాట్లాడించాలి. మనసు మార్చడానికి కౌన్సెలింగ్‌కు పంపకూడదు. న్యాయమూర్తి తన సొంత నమ్మకాలను రాజ్యాంగ విలువల స్థానంలో నిలపకూడదు. లాయరును పెట్టుకునే స్తోమత లేదని ఏ ఆడపిల్లా ఆగాల్సిన పని లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ న్యాయ సహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100.